ఆకలి లెక్క బిడ్డది, కంచం లెక్క సర్కారుది

మహబూబాబాద్ జిల్లాలోని ఒక తండాలో బరువులు తూచే రోజున నేను చూసింది ముందు చెప్తాను. మిర్చి ఏరే కాలం. పొద్దున ఆరున్నరకే కూలి ఆటోలు నిండి వెళ్ళిపోతున్నాయి. ఒక తల్లి ఆ రోజు కూలి వదులుకుని ఏడాదిన్నర పాపను చంకనేసుకుని అంగన్‌వాడీకి వచ్చింది. తూకం దగ్గరికి తీసుకుపోయే ముందు గోడవారగా కూర్చుని కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు పట్టుకుని, పలచగా కలిపిన బాలామృతం గ్లాసెడు నోట్లో పోసింది. పాప కక్కింది. మళ్ళీ పోసింది. నేను ఆపబోయాను.

"ఆగక్కా. పోయిన నెల బరువు తక్కువున్నదని అందరి ముందల నన్ను తిట్టిన్రు. గీ నెల గూడ తగ్గితే పెద్ద దవాఖానకు పొమ్మంటరు. ఆడ పదిహేను రోజులు కూసుంటే మిర్చి ఎవరేరాలె? ఇంట్ల ఇంకో ఇద్దరున్నరు, ఆళ్ళకు ఎవరొండాలె?"

పాప తల పక్కకు తిప్పుకుంటోంది. పెదాలు బిగిస్తోంది. చేత్తో గ్లాసును నెడుతోంది. మాటలు రాని పిల్ల "నాకొద్దు" అని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు. ఆ మాట వినే తీరిక తల్లికి లేదు, ఎందుకంటే ఆమె ఆ రోజు పాపకు తిండి పెట్టడం లేదు. తూకానికి సమాధానం చెప్పుకుంటోంది.

చిన్నపిల్లలకు తమ ఆకలి తమకు తెలుసన్న సంగతి మనకు కొత్తది కాదు. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దవాళ్ళు అన్నారంటే, బిడ్డ అడుగుతుందనీ, ఎంత అడగాలో దానికి తెలుసనీ ఒప్పుకున్నట్టే కదా. శాస్త్రం దీన్ని కాస్త ఆలస్యంగా తెలుసుకుంది. 1926లో అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అప్పుడే తల్లిపాలు మానిన పసిపిల్లల ముందు రకరకాల పదార్థాలు విడివిడి గిన్నెల్లో పెట్టారు. నర్సు పక్కన చెంచా పట్టుకుని కూర్చోవాలి, పిల్ల వేలు చూపించేదాకా కదలకూడదు. తినమనకూడదు, వద్దనకూడదు, మెచ్చుకోకూడదు. మొత్తం 15 మంది పిల్లలు, కొందరు వచ్చేనాటికి పోషణ లేక చిక్కి ఉన్నవాళ్ళు, అయిదుగురికి రికెట్స్ కూడా. పిల్లలు ఒక రోజు గుడ్ల మీద పడ్డారు, ఇంకో రోజు అరటిపళ్ళు తప్ప ముట్టుకోలేదు. ఆ లెక్కాపత్రం లేని తిండితోనే అందరూ ఆరోగ్యంగా పెరిగారు. 1991లో లీన్ బిర్చ్, ఆమె తోటి పరిశోధకులు 2 నుంచి 5 ఏళ్ళ పిల్లల్ని గమనించి దాదాపు ఇదే చెప్పారు. పూట పూటకీ తినే మోతాదు విపరీతంగా మారుతుంది, కానీ రోజు మొత్తం మీద చూస్తే పెద్దగా తేడా ఉండదు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని లేచిపోయిన పిల్ల సాయంత్రం ఆ బాకీ తీర్చుకుంటుంది. బలవంతపెట్టి తినిపించే ఇళ్ళలో పిల్లలు ఈ లెక్క మర్చిపోతారని కూడా ఆమె తర్వాతి పరిశోధనలు చూపించాయి.

ఇంతవరకు బాగానే ఉంది. శిక్షణా తరగతుల్లో మన స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఇక్కడే ఆగిపోతున్నారు. "బిడ్డ సైగలు గమనించండి, కళ్ళలోకి చూడండి, కబుర్లు చెప్పండి, తొందర పెట్టకండి" అని బొమ్మల పుస్తకం తిప్పుతున్నారు. జనగామ దగ్గర ఒక ఊళ్ళో అలాంటి తరగతికి వచ్చిన ఒక ముసలమ్మ చివరిదాకా ఓపిగ్గా విని అడిగింది: "కండ్లల్ల జూసుకుంట పెట్టాలంటున్నరు, మంచిగనే ఉన్నది బిడ్డా. గా యాళ్లకు నా కోడలు నాటు కాడ వంగి ఉంటది. నాకు కండ్లు కనబడయి. ఎవరి కండ్లల్ల ఎవరు జూడాలె?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

క్లారా డేవిస్ తన ప్రయోగం గురించి తానే చెప్పిన ఒక మాటను ఈ తరగతుల్లో ఎవరూ చెప్పరు. పిల్లల తెలివి నిజమే, కానీ అసలు కిటుకు తను పెట్టిన పదార్థాల జాబితాలో ఉందని ఆమె స్పష్టంగా రాసింది. మాంసం, గుడ్లు, పాలు, పళ్ళు, కూరగాయలు, ధాన్యాలు ఉన్నాయి. చక్కెర లేదు, మిఠాయిల్లేవు. ఏది ముట్టుకున్నా మంచిదే అయిన బల్ల ముందు కూర్చున్న పిల్లలు వాళ్ళు. మన తండాలో ఒంటిగంటకు పాప ముందున్నవి ఏమిటి? పొద్దున వండిన అన్నం, పలచటి చారు. పక్కన కిరాణా కొట్లో వేలాడే అయిదు రూపాయల చిప్సు పొట్లాం. ఆ రెండింటి మధ్య ఎంచుకునే "స్వేచ్ఛ" పాపకు ఉంది!

పసిపిల్ల కడుపు ఎంతో ఒకసారి లెక్క వేసుకుందాం. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఎనిమిది కిలోల బిడ్డ కడుపు ఒక టీ గ్లాసు కంటే కొంచెం పెద్దది. దాన్ని గంజితోనో, నీళ్ళచారు కలిపిన అన్నంతోనో నింపితే బిడ్డ చాలని తల తిప్పుకుంటుంది. కడుపు నిండింది, నిజమే. ఒంటికి కావాల్సిన శక్తి మాత్రం అందలేదు. అందుకే ఈ వయసు పిల్లలకు నూనె, పప్పు, గుడ్డు కలిపిన చిక్కటి తిండి రోజుకు మూడు నాలుగుసార్లు, మధ్యలో చిరుతిండి పెట్టాలంటారు. పైగా నెలల తరబడి అర్ధాకలితో ఉన్న పిల్లకు, రక్తం లేని పిల్లకు, వారం వారం విరేచనాలతో పడే పిల్లకు ఆకలే మందగిస్తుంది. తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలకు వైద్యం మొదలుపెట్టే ముందు ఆకలి పరీక్ష చేసేది అందుకే. తినలేని పిల్లను ఇంటి దగ్గర ఉంచకూడదు, ఆసుపత్రిలో చేర్చాలి. కనుక "మా బిడ్డకు ఆకల్లేదు, దాని ఇష్టం" అని చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. బిడ్డ చెప్పేది వినాలి. ఎందుకు అలా చెబుతోందో కూడా అడగాలి.

"శరీరం తనను తానే సర్దుకుంటుంది" అన్న మాటను ఈ దేశంలో పేదవాళ్ళ మీద ఎలా వాడారో మనం మర్చిపోకూడదు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థలో గణాంక విభాగానికి నాయకత్వం వహించిన పి.వి. సుఖాత్మే అనే పెద్దమనిషి, మనిషి శరీరం తక్కువ తిండికి అలవాటుపడి ఖర్చు తగ్గించుకుంటుంది, కాబట్టి ఆకలితో ఉన్నవాళ్ళ లెక్క ఎక్కువ చేసి చూపిస్తున్నారని వాదించాడు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త ఇంకో అడుగు ముందుకేసి, పేద పిల్లలు చిన్నగా ఉన్నారే గానీ ఆరోగ్యంగానే ఉన్నారన్నాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. చిన్న ఒళ్ళు చాలు అనే సిద్ధాంతం పేదవాళ్ళ పిల్లలకే ఎందుకు వర్తిస్తుంది, పెద్దవాళ్ళ పిల్లలకు ఎందుకు వర్తించదు అన్నది ఆయన వాదన సారం. గొడవ అక్కడితో ముగియలేదు. 2013లో అరవింద్ పనగరియా ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలు మన పిల్లలకు సరిపడవని మళ్ళీ మొదలుపెట్టాడు. 2006లో వచ్చిన ఆ కొలతలకు ఆధారమైన ఆరు దేశాల్లో మన దేశం కూడా ఒకటి. దక్షిణ ఢిల్లీలో కడుపు నిండిన ఇళ్ళ పిల్లలు నార్వే, అమెరికా పిల్లలకు దీటుగానే పెరిగారు. ఢిల్లీలో పెరిగే ఎముక తండాలో ఎందుకు పెరగదో పండితులు చెప్పాలి.

తెలంగాణ లెక్కలు ఇవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 28 శాతం. 2019-21 నాటికి 33 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్ళు 18 నుంచి దాదాపు 22 శాతానికి పెరిగారు. అదే సమయంలో అధిక బరువున్న పిల్లలు ఒక శాతం కూడా లేనివాళ్ళు 3.4 శాతానికి చేరారు. రెండూ ఒకేసారి పెరగడం వింతేమీ కాదు. ఏడ్చిన బిడ్డ నోరు మూయించడానికి బిస్కెట్టు పొట్లాం చేతిలో పెడతాం, ఫోను ముందు పెట్టి తెలియకుండా నోట్లో కుక్కుతాం. రెండు పద్ధతుల్లోనూ బిడ్డ నేర్చుకునేది ఒకటే, కడుపు చెప్పే మాట వినొద్దని. బొగ్గు బావుల కాలనీల్లో బొద్దుగా ఉన్న కొడుకును చూసి మురిసిపోయే ఇళ్ళను నేను భూపాలపల్లిలో చూశాను. వీధి దాటితే కూలీల గుడిసెల్లో జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లు దాటని పిల్లల్ని కూడా చూశాను. 1992 నాటి చట్టం పాలడబ్బాల, పసిపిల్లల ఆహారం డబ్బాల ప్రచారాన్ని నిషేధించింది. అయిదు రూపాయల పొట్లాం మీద బొమ్మల్ని ఏ చట్టమూ ఆపలేదు. సర్కారు ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా కలిపి ఉందన్నది మనం పట్టించుకోవాల్సిన విషయమే. తీపికి అలవాటుపడిన నాలుక పప్పన్నాన్ని తోసేస్తే మళ్ళీ తల్లినే అడుగుతారు.

ఆడపిల్లల సంగతి ఒక్క మాట. "మా పిల్ల శానా మంచిది, రెండు ముద్దలు తిని లేస్తది" అని మెచ్చుకోవడం ఎన్ని ఇళ్ళలో వినలేదు మనం? కొడుకు ఇంకో ముద్ద అడిగితే ఆకలి, కూతురు అడిగితే తిండిపోతుతనం. మూడేళ్ళకే అమ్మ చివర్న గిన్నె గీకుకుని తినడం చూసిన పిల్ల తన ఆకలిని తనే తగ్గించి చెప్పడం నేర్చుకుంటుంది. దీన్ని కూడా "తనను తాను అదుపు చేసుకోవడం" అనే అంటారు కాబోలు! 2015 జనవరిలో రాష్ట్రమంతా మొదలైన ఆరోగ్య లక్ష్మిలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. గర్భిణి, బాలింత కేంద్రంలోనే కూర్చుని అన్నం, పప్పు, గుడ్డు, పాలు తినాలి. ఇంటికి తీసుకుపోతే ఆమె వాటా ఎవరికి పోతుందో ఆ పథకం రాసినవాళ్ళకు తెలిసినట్టుంది. కానీ నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, మధ్యాహ్నం అన్నం కోసం పొలం నుంచి ఎవరు రాగలరు?

ఇప్పుడు మనలో మనకే ఉన్న ఒక తగాదా. తల్లుల్ని ఇంతగా అవమానిస్తున్న ఈ తూకమే వద్దు, బహిష్కరిద్దాం అని మన మిత్రులు కొందరు అంటున్నారు. ఆ బాధ నాకర్థమవుతుంది. ముక్కు పట్టి పోసిన ఆ గ్లాసును చూసినరోజు నాకూ తక్కెడ విరగ్గొట్టాలనే అనిపించింది. అయినా నేను ఒప్పుకోను. తూకం మానేస్తే అందరికంటే ఎక్కువ సంతోషించేది సర్కారే. 2013 ఆహార భద్రత చట్టం 6వ సెక్షన్ ఏమంటుందో చూడండి. పోషణ లోపం ఉన్న పిల్లల్ని అంగన్‌వాడీ ద్వారా గుర్తించి ఉచితంగా ఆహారం ఇవ్వడం రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత. ఆరు నెలలు దాటిన పిల్లలకు మామూలుగా రోజుకు 500 క్యాలరీలు, పోషణ లోపం ఉంటే 800 క్యాలరీలు అని ఆ చట్టం షెడ్యూలులోనే రాసి పెట్టారు. 8వ సెక్షన్ ప్రకారం ఇవ్వాల్సిన ఆహారం ఇవ్వకపోతే భత్యం చెల్లించాలి. అంటే ఏడాది నిండిన ఆడపిల్ల ఏడు కిలోల లోపు తూగిందంటే ఆ అంకె తల్లి మీద నేరారోపణ కాదు, సర్కారు మీద బాకీ పత్రం. దాన్ని మనమే చించేసుకుంటామా?

ఆ కాగితాన్ని తిప్పి చదవడం మనం నేర్చుకోవాలి. బరువు పక్కనే ఆ నెలలో గుడ్లు ఎన్ని రోజులు రాలేదో, బాలామృతం పొట్లాం ఏ తారీఖున అందిందో, టీచరు ఎన్ని రోజులు వేరే సర్వే పని మీద తిరిగిందో, తల్లి ఎన్ని గంటలు కూలికి పోయిందో రాయాలి. పోషణ్ ట్రాకర్ ఫోనులో 2021 నుంచి బిడ్డ బరువు ఎక్కించే గడి ఉంది, ఇవి ఎక్కించే గడి లేదు. 2025 నుంచి పొట్లాం ఇవ్వాలంటే తల్లి ముఖం కూడా ఫొటోలో సరిపోవాలంటున్నారు. తల్లి ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఆమె చెప్పేది ఎప్పుడు వింటారో.

టీచర్ల మీద కోపం తీర్చుకోవడం మన పని కాదు. 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు మనలో ఎంతమందిమి వాళ్ళ టెంట్లలో కూర్చున్నాం? గౌరవ వేతనం పేరుతో కార్మికురాలి హక్కులు లేకుండా చేసి, పై అధికారి అడిగిన అంకె చూపించకపోతే మెమో ఇస్తే, ఆ టీచరు కోపం తల్లి మీదే దిగుతుంది. తల్లి కోపం బిడ్డ ముక్కు మీద దిగుతుంది. నేను చూసిన తండాలో జరిగింది ఇదే.

పోషకాహార సంస్థ వాళ్ళే మన పక్కనున్న నల్గొండ జిల్లాలో 60 ఊళ్ళలో ఒక పరిశోధన చేశారు, ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. కొన్ని ఊళ్ళలో ఏం పెట్టాలో మాత్రమే చెప్పారు, కొన్నిట్లో దాంతోపాటు బిడ్డ సైగలు చూసి ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా చెప్పారు. రెండు రకాల ఊళ్ళలోనూ పిల్లల తిండి మెరుగుపడింది. ఎదుగుదల కుంగిపోవడం తగ్గింది మొదటి రకంలో, మానసిక వికాసం పెరిగింది రెండో రకంలో. ఇలా పెడితే బరువు దానంతటదే పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బిడ్డ మాట వినడం బరువు పెంచే మంత్రం కాదు. అది బిడ్డకు ఇవ్వాల్సిన మర్యాద, దాని విలువ దానికి ఉంది. బరువు కోసం కావాల్సింది వేరే: తిండి, శుభ్రమైన నీళ్ళు, పొద్దంతా చూసుకునే మనిషి.

ఆ మనిషి గురించే మనం గట్టిగా కొట్లాడాలి. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషికి కూలి ఇచ్చి పెట్టాలని రాశారు. నేను తిరిగిన ఊళ్ళలో ఆ మనిషిని ఒక్కచోట కూడా చూడలేదు. 2022లో అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం పెడతామని పాల్నా పథకం తెచ్చారు. మిర్చి, పత్తి, వరి నాట్ల కాలంలో కేంద్రం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరుదాకా తెరిచి ఉండాలి, పిల్లలకు మూడుసార్లు తిండి పెట్టాలి, దానికి అదనపు మనిషిని, అదనపు జీతాన్ని ఇవ్వాలి. ఆసుపత్రిలో బిడ్డతో ఉండే తల్లికి అన్ని రోజుల కూలీ కట్టాలి. భూపాలపల్లి అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్న గొత్తికోయల పిల్లల కోసం కేంద్రాలు పెట్టాలి. 40 మంది పిల్లలున్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గొత్తికోయల గుంపులో ఒక్కోచోట 40 గుడిసెలు కూడా ఉండవు. అయితే వాళ్ళ పిల్లలకు ఆకలి ఉండదా? వాళ్ళ అడవి పక్కనే బొగ్గు తవ్వి, చెల్పూరులో కరెంటు తీసే రాజ్యానికి ఆ గుంపుల దాకా ఒక గుడ్ల ట్రే పంపడం కష్టమయిందంటే నేను నమ్మను.

పండించిన పంట దొర గడీకి పోకుండా అడ్డం పడ్డ అయిలమ్మది ఈ జనగామ జిల్లా పాలకుర్తే. ఆ గింజల కొట్లాటలో దిగిన ఆడవాళ్ళను "సరిగా వండి పెట్టడం నేర్చుకోండి" అని ఎవరూ అనలేదు, అనే ధైర్యం ఎవరికీ లేదు.

మొదట చెప్పిన తండాలో మేం ఒక పని చేశాం. ఎనిమిది మంది తల్లులు, టీచరు కలిసి కూర్చుని మూడు నెలల గుడ్ల లెక్క, పొట్లాల లెక్క ఒక నోటుబుక్కులో రాశారు. రాని రోజులు లెక్క కట్టి, ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ కింద భత్యం ఇమ్మని అర్జీ పెట్టారు. టీచరు సంతకం పెట్టడానికి మొదట భయపడింది, తర్వాత పెట్టింది. ముక్కు పట్టి పోసిన ఆ తల్లి రెండో సంతకం చేసింది, వేలిముద్ర వద్దని పేరు రాసింది. ఆ రోజు పాప తక్కెడ పక్కన కూర్చుని సగం గుడ్డు తిని, మిగతా సగం నేల మీద పెట్టి లేచిపోయింది. తల్లి దాన్ని తీసి కొంగున కట్టుకుంది, మళ్ళీ అడిగినప్పుడు పెడతానని.

అర్జీ ముట్టినట్టు తారీఖు వేసిన ముద్ర మా దగ్గరుంది. మిర్చి కాలం అయిపోయింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల తూకం రోజున ఆ ఎనిమిది మందీ కలిసి వెళ్ళి అడగబోతున్నారు, మీరూ రండి.